ఆఫర్ లెటర్‌కీ జాయినింగ్‌కీ మధ్య 90 రోజులు

సోమవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి ఐదుగురు చేరాలి. పది దాటేసరికి ముగ్గురు వచ్చి కూర్చుని ఫారాలు నింపుతుంటారు. నాలుగో అతను "సైబర్ టవర్స్ దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నానండి" అంటాడు, నిజంగానే ఉంటాడు. ఐదో నంబరు స్విచాఫ్. శుక్రవారం సాయంత్రం "ష్యూర్ అండి, మండే కలుద్దాం" అని మెసేజ్ పెట్టిన మనిషే. హైదరాబాదులో ఐటీ రిక్రూట్‌మెంట్ చేసే ఎవరికైనా ఈ సోమవారం బాగా తెలుసు. చెప్పకుండా రాకపోతే నో షో, ముందే చెప్పి మానుకుంటే బ్యాక్ అవుట్, నెలాఖరు రిపోర్టులో రెండూ కలిపి ఆఫర్ డ్రాప్.

"ఈ కాలం పిల్లలకి మాటంటే లెక్కలేదు" అని తిట్టుకుని తర్వాతి రెజ్యూమే తెరిచేస్తే ఆ సోమవారం మళ్లీ వస్తుంది. ఆఫర్ డ్రాప్ ఆ సోమవారం పుట్టదు. ఎక్కువసార్లు దాని విత్తనం మొదటి ఫోన్ కాల్‌లోనే పడి ఉంటుంది, ఇంకొన్నిసార్లు మనం రెజ్యూమేలు వెతికిన తీరులోనే ఉంటుంది. ముందు ఆ వెతుకులాట సంగతి చూద్దాం.

పెద్ద సర్వీస్ కంపెనీల్లో చాలావాటికి నోటీస్ పీరియడ్ 90 రోజులు. ఇది ఏ చట్టమూ పెట్టింది కాదు, అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసుకున్న ఒప్పందం. మనిషి వెళ్లిపోతానంటే ప్రాజెక్టులో అతని స్థానంలోకి ఇంకొకర్ని తెచ్చుకోవడానికి కంపెనీకి సమయం కావాలి కాబట్టి పెట్టుకున్నది. కానీ కొత్తగా తీసుకునే కంపెనీ మూడు నెలలు ఆగదు. క్లయింటు ఆగనివ్వడు. అందుకని హైరింగ్ మేనేజర్ జేడీ (ఉద్యోగ వివరాల కాగితం) కింద "ఇమ్మీడియట్ జాయినర్స్ ఓన్లీ" అని రాస్తాడు. మనం ఉద్యోగాల సైటు నౌక్రీ తెరిచి నోటీస్ పీరియడ్ దగ్గర 15 రోజుల లోపు, లేదా ప్రస్తుతం నోటీసులో ఉన్నవాళ్లు అని ఫిల్టర్ పెడతాం.

ఆ ఫిల్టర్‌లో ఎవరు వస్తారో ఒక్క నిమిషం ఆలోచించండి. ఉద్యోగం పోయినవాళ్లు కొందరు ఉంటారు. మిగిలినవాళ్లలో ఎక్కువమంది రెండు నెలల కిందటే వేరే ఆఫర్ తీసుకుని, దాన్ని చూసుకుని రిజైన్ చేసి, ఇప్పుడు నోటీసు చివరికి వచ్చినవాళ్లు. అంటే మనం పిలుస్తున్నది ఇంకో రిక్రూటర్ ఆఫర్ ఇచ్చి కాపాడుకుంటున్న మనిషిని. అతను మన దగ్గర చేరితే అక్కడ డ్రాప్. మనం వెతికిన ఫిల్టర్‌తోనే ఇంకో పదిమంది రిక్రూటర్లు మన మనిషిని వెతుకుతుంటారు, చివరి పదిహేను రోజుల్లో అతనికి రోజుకి పది ఫోన్లు వస్తాయి. 2021, 2022లో పెద్ద ఐటీ కంపెనీల్లో ఏడాదికి ఐదుగురిలో ఒకరికి మించి మానేస్తున్న రోజుల్లో ఇది పరాకాష్ఠకి చేరింది. ఒక్కొక్కరి చేతిలో మూడు నాలుగు ఆఫర్లు ఉండేవి. ఇప్పుడు మార్కెట్ అంత వేడిగా లేకపోయినా ఆ అలవాటు మాత్రం రెండు వైపులా ఉండిపోయింది.

అందుకని నేను గట్టిగా చెప్పేది ఒకటే. అన్ని పొజిషన్లనీ ఇమ్మీడియట్ జాయినర్లతో నింపకండి. అదే స్కిల్‌కి ప్రతి మూడు నెలలకీ మనుషులు కావాల్సి వస్తుంటే, ఇంకా రిజైన్ చేయనివాళ్లతో ఇప్పుడే మాట్లాడి ఆఫర్ ఇవ్వండి. వాళ్లు మీ ఆఫర్ చూసుకుని రిజైన్ చేస్తారు. ఆ తెంపు ఉన్నవాళ్లలో వెనక్కి తగ్గేవాళ్లు తక్కువ. మేనేజర్ ఒప్పుకోకపోతే మాటలు కాకుండా లెక్క చూపించండి. పదిమంది చేరాలి, పది ఆఫర్లలో మూడు జారిపోతాయనుకుంటే పదిహేను ఆఫర్లు కావాలి. కానీ అప్రూవల్ ఉన్నది పదికే. ఆ మూడు ఖాళీలకి చివరి వారంలో వెతుకులాట మళ్లీ మొదటినుంచి మొదలైతే, ఇంటర్వ్యూలకి మూడు వారాలు, ఆఫర్ అప్రూవల్‌కి వారం, ఆపైన కొత్త మనిషి నోటీసు. 90 రోజులు ఆగలేనన్న మేనేజర్ చివరికి 120 రోజులు ఆగుతాడు.

ఇక మొదటి ఫోన్ కాల్. చాలామంది జూనియర్ రిక్రూటర్లు దీన్ని ఆరు నిమిషాల్లో ముగిస్తారు. టోటల్ ఎక్స్‌పీరియన్స్, రిలవెంట్ ఎక్స్‌పీరియన్స్, కరెంట్ సీటీసీ (ఒక మనిషి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు), ఎక్స్‌పెక్టెడ్, నోటీస్, లొకేషన్, అంతే. షీట్‌లో ఆరు గళ్లు నిండుతాయి. మనిషి గురించి ఏమీ తెలియదు.

"ఆఫర్లేమైనా చేతిలో ఉన్నాయా అండి?"

"లేవండి."

ఈ ప్రశ్నకి ఎవరైనా ఇదే జవాబు చెప్తారు. ఉన్నాయంటే ఇంటర్వ్యూకే పిలవరేమోనని భయం, ఆ భయం న్యాయమైనదే. అడగాల్సిన తీరు వేరు.

"మీరు లాస్ట్ మంత్ రిజైన్ చేశానన్నారు కదా. ఏదో ఒకటి చూసుకునే చేసి ఉంటారు. ఉంటే ఫర్వాలేదు, దానివల్ల మీ ప్రొఫైల్ ఆపను. ఆ ఆఫర్‌లో మీకు నచ్చనిదేంటి?"

"నిజం చెప్పాలంటే ఉందండి ఒకటి. ప్యాకేజీ ఓకేనే. కానీ పూర్తిగా నైట్ షిఫ్ట్. పాప చిన్నది. సాయంత్రం ఆరున్నరకి లాగిన్ అంటే మా ఆవిడకి కష్టం అవుతోంది."

ఈ ఒక్క జవాబుతో పని తేలిపోతుంది. మన దగ్గర పగటి షిఫ్టు ఉంటే ఈయన్ని నిలబెట్టేది జీతం ఒక్కటే కాదు, కాబట్టి ఆఖరి వారంలో ఇంకో యాభై వేలు ఎక్కువ ఇస్తామన్నా తొందరగా కదలడు. మన దగ్గరా రాత్రి షిఫ్టే అయితే ఇక్కడే ఆగిపోవడం ఇద్దరికీ మంచిది. నాలుగు రౌండ్లు అయ్యాక చెప్తే మనల్ని తిట్టుకుంటాడు, తిట్టుకోవాలి కూడా. "నచ్చనిదేం లేదండి, ఇంకొంచెం ఎక్కువ వస్తే చూద్దామని" అన్న జవాబు వస్తే, ఆ మనిషి మన ఆఫర్ దగ్గరా అదే పని చేస్తాడని ముందే రాసుకోండి. అది తప్పు పనేం కాదు, కానీ బ్యాకప్ లేకుండా అలాంటి ఆఫర్ మీద ఆధారపడకూడదు.

రోజూ ఆఫీసుకి ఎలా వస్తారన్నది కూడా మొదటి కాల్‌లోనే అడగాలి. ఎల్‌బీ నగర్‌లో ఉండే అమ్మాయికి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో వారానికి ఐదు రోజుల ఆఫీసు అంటే కాగితం మీద తెలియదు. మెట్రోలో అమీర్‌పేట దాకా వచ్చి, అక్కడ రైలు మారి, రాయదుర్గంలో దిగాలి. మెట్రో అక్కడితో ఆగిపోతుంది. అక్కడినుంచి ఆఫీసు దాకా షటిలో ఆటోనో. కంపెనీ క్యాబ్ ఉందా, షటిల్ రాయదుర్గం నుంచి ఉందా, వారానికి ఎన్ని రోజులు రావాలి అన్నవి ఇంటర్వ్యూకి ముందే చెప్పేయండి. "హైబ్రిడ్ అండి" అని ఊరుకోవద్దు. మూడు రోజులా, నాలుగా, ఆ రోజులు ఎవరు నిర్ణయిస్తారు, ఇవన్నీ చెప్పాలి. ఇంట్లోవాళ్లతో మాట్లాడారా అని అడగొచ్చు, ఎందుకంటే మన ఇళ్లలో ఉద్యోగం మారడం ఒక్కరి నిర్ణయం కాదు. పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు అని మాత్రం ఆడవాళ్లని అడగకూడదు. మేనేజర్ "కనుక్కోండి" అన్నా కనుక్కోనని చెప్పాలి.

డ్రాప్‌లు పుట్టే ఇంకో చోటు సీటీసీ. ఇది రిక్రూటర్ చేతిలో ఉన్న పని, అయినా ఎక్కువ నిర్లక్ష్యం ఇక్కడే. క్యాండిడేట్‌కి "12 లక్షలు" అని వినిపిస్తుంది. పన్నెండుతో భాగిస్తే నెలకి లక్ష. ఆ లక్ష మీదే ఈఎంఐ, అద్దె, స్కూలు ఫీజు అన్నీ మనసులో లెక్కేసుకుంటాడు. మొదటి జీతం పడ్డాకో, అంతకుముందే ఎవరో స్నేహితుడు ఆఫర్ లెటర్ చూసి చెప్పాకో అసలు సంగతి తెలుస్తుంది.

లెక్క వేసి చూద్దాం. సీటీసీ రూ.12,00,000. అందులో వేరియబుల్ (పనితీరుని బట్టి ఇచ్చే భాగం) పది శాతం, రూ.1,20,000. బేసిక్ సగం, అంటే ఏడాదికి రూ.6,00,000. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో వేతనం అనే భాగం మొత్తంలో సగానికి తగ్గకూడదన్న లెక్క ఉంది కాబట్టి సగమే అనుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, రూ.72,000. గ్రాట్యుటీ 4.81 శాతం, రూ.28,860. ఇవన్నీ సీటీసీలోనే ఉంటాయి, నెలనెలా చేతికి రావు. మిగిలేది రూ.9,79,140. నెలకి రూ.81,595. అందులోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ రూ.6,000, తెలంగాణలో ప్రొఫెషనల్ ట్యాక్స్ రూ.200 పోతే చేతికి రూ.75,395. కొత్త పన్ను విధానంలో ఈ జీతానికి ఆదాయపు పన్ను పడదు కాబట్టి ఇక్కడితో ఆగింది. గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా సీటీసీలో కలిపే కంపెనీ అయితే ఇంకాస్త తగ్గుతుంది.

ఇప్పుడు పక్క కంపెనీ రూ.11,50,000 ఇస్తానంది. అరలక్ష తక్కువ. కానీ వేరియబుల్ లేదు, పీఎఫ్ మొత్తం బేసిక్ మీద కాకుండా రూ.15,000 పరిమితి మీద, అంటే నెలకి రూ.1,800 మాత్రమే కడతారు. అదే పద్ధతిలో లెక్కేస్తే చేతికి సుమారు రూ.89,700 వస్తుంది. సీటీసీ తక్కువ, నెల జీతం మాత్రం పద్నాలుగు వేలు ఎక్కువ. క్యాండిడేట్ అటు వెళ్లిపోతే "యాభై వేలు తక్కువకి ఎలా వెళ్లాడో" అని మనవాళ్లు ఆశ్చర్యపోతారు. అతను పద్నాలుగు వేలు ఎక్కువకి వెళ్లాడు.

కాబట్టి ఆఫర్ లెటర్ కంటే ముందే నెల జీతం షీటు పంపండి. పైన చెప్పిన వరసలోనే ఒక్కొక్క గడీ ఉండాలి. వేరియబుల్ నెలనెలా ఇస్తారా, మూడు నెలలకా, ఏడాదికోసారా, కంపెనీ పనితీరుని బట్టి తగ్గుతుందా అన్నవి రాయండి. పీఎఫ్ ఎక్కువ కట్టడం నష్టం కాదు, ఆ రెండు వాటాలూ అతని డబ్బే, ఆ మాట కూడా విడమర్చి చెప్పండి. జాయినింగ్ బోనస్ ఉంటే ఏడాది లోపు మానేస్తే మొత్తం వెనక్కి కట్టాలా, ఉన్న నెలల్ని బట్టి తగ్గిస్తారా అన్నది ముందే చెప్పాలి. ఆర్థిక సంవత్సరం మధ్యలో చేరేవాళ్లకి ఇంకోటి చెప్పాలి. పాత కంపెనీ జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వకపోతే ఎవరి లెక్క వాళ్లు వేసి పన్ను తక్కువ పట్టుకుంటారు, రిటర్ను వేసేటప్పుడు ఒక్కసారే మీద పడుతుంది. ఈ మాట ఎవరూ చెప్పరు. చెప్పిన రిక్రూటర్‌ని జనం గుర్తుపెట్టుకుంటారు.

ఆఫర్ ఒప్పుకున్నాక రిజైన్ చేయడానికి మూడు పనిదినాలకి మించి తీసుకుంటే ఏదో ఉందని అర్థం. "మేనేజర్ లీవులో ఉన్నాడండి" అన్నది ఒకసారి నమ్మొచ్చు. రిజైన్ చేశాక మెయిల్ స్క్రీన్‌షాట్ చాలదు. మెయిల్ పెట్టి వెనక్కి తీసుకోవడం సులువు. కంపెనీ పోర్టల్‌లో రాజీనామా తేదీ, లాస్ట్ వర్కింగ్ డే కనిపించే పేజీ అడగండి. క్లయింటు వివరాలు అందులో ఉంటే వాటిని మూసేసి పంపమనండి. ఆ లాస్ట్ వర్కింగ్ డేని మీరే వేళ్ల మీద లెక్కపెట్టకండి. నోటీసులో తీసుకున్న సెలవుల్ని చాలా కంపెనీలు చివర్లో కలుపుతాయి. మధ్యలో చెల్లెలి పెళ్లికి ఐదు రోజులు సెలవు పెడితే రిలీవింగ్ ఐదు రోజులు జరుగుతుంది, మనమేమో జాయినింగ్ తేదీ మేనేజర్‌కి చెప్పేసి ఉంటాం.

నోటీసు తగ్గించుకోవాలంటే బయౌట్, అంటే మిగిలిన రోజులకి పాత కంపెనీకి డబ్బు కట్టడం. ఇక్కడ ఎప్పుడూ తప్పు జరిగేది "బయౌట్ మేం ఇస్తాం" అన్న ఒక్క మాటతో. పాత కంపెనీ బేసిక్ మీద పట్టుకుంటుందా, గ్రాస్ (మొత్తం నెల జీతం) మీదా? పైన చెప్పుకున్న జీతాన్నే తీసుకుంటే, 60 రోజులకి బేసిక్ మీద లక్ష రూపాయలు, గ్రాస్ మీద రూ.1,63,190. మన కంపెనీ బయౌట్ పరిమితి లక్షే అయితే ఆ అరవై మూడు వేలు ఎవరు కట్టాలి? ఇంకో చిక్కు, డబ్బు ముందు పాత కంపెనీ చివర్లో అతనికి ఇచ్చే ఫుల్ అండ్ ఫైనల్‌లోంచి పోతుంది, మన దగ్గర చేరాక బిల్లు పెడితే మొదటి జీతంతోనో రెండో జీతంతోనో వెనక్కి వస్తుంది. ఆ మధ్యలో రెండు నెలలు ఇంటి ఖర్చుకి ఇబ్బంది. పైగా జీతంతో కలిపి ఇస్తే పన్ను లెక్కలోకీ వస్తుంది. వేతనాల కోడ్ ప్రకారం మానేసిన మనిషికి రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి, కానీ నెల, నెలన్నర లాగే పాత అలవాటు చాలాచోట్ల వదల్లేదు. అసలు బయౌట్ ఇవ్వడం, ఇవ్వకపోవడం పాత కంపెనీ ఇష్టం కూడాను. "డబ్బు వద్దు, ప్రాజెక్టులో మనిషి కావాలి" అంటే అతను చేయగలిగిందేం లేదు. పాత కంపెనీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఏ వాక్యం ఉందో ఆఫర్ ఇచ్చేముందే చూడాలి.

కౌంటర్ ఆఫర్ రిజైన్ చేసిన మర్నాడే వస్తుందనుకుంటారు. కొందరికి వస్తుంది. ఎక్కువమందికి చివరి పదిహేను ఇరవై రోజుల్లో వస్తుంది, ఎందుకో తెలుసా? పాత కంపెనీ మేనేజర్ రెండు నెలలు కొత్త మనిషి కోసం చూస్తాడు, అతను ఇచ్చిన ఆఫర్ కూడా డ్రాప్ అవుతుంది, అప్పుడు ఉన్నవాణ్ని పిలిచి "నీకేం కావాలో చెప్పు" అంటాడు. ఏప్రిల్ నుంచి జూలై దాకా అప్రైజల్ లెటర్లు, వేరియబుల్ చెల్లింపులు వస్తుంటాయి కాబట్టి ఆ నెలల్లో ఇది మరీ ఎక్కువ. అందుకే మొదటి కాల్‌లోనే "మీ మేనేజర్ రేపు ఇదే జీతం ఇస్తానంటే ఏం చేస్తారు?" అని అడిగి పెట్టుకోవాలి. మానేయడానికి అతను చెప్పిన కారణాన్ని అతని మాటల్లోనే షీట్‌లో రాసుకోండి. ప్రాజెక్టులో మూడేళ్లుగా సపోర్ట్ పనే ఇస్తున్నారు, డెవలప్‌మెంట్ ఇవ్వట్లేదు అన్నాడనుకోండి. కౌంటర్ ఆఫర్ వచ్చిన రోజు "జీతం పెంచారు, సంతోషం. డెవలప్‌మెంట్ ఇస్తామన్నారా?" అని అడగడానికి అది పనికొస్తుంది. ఇస్తామని రాసిచ్చారంటే ఉండిపోవడమే అతనికి మంచిది కావచ్చు. అప్పుడు వదిలేయాలి.

ఈ మూడు నెలలూ ఏం మాట్లాడాలన్నది చాలామందికి తెలియక "హాయ్, హోప్ ఆల్ గుడ్, జాయినింగ్ కన్ఫర్మ్ కదా?" అని వారానికోసారి మెసేజ్ పెడతారు. దానికి "యెస్" అని రెండు సెకన్లలో జవాబిస్తారు, ఆ యెస్‌కి విలువ లేదు. ప్రతిసారీ కొత్త విషయం ఏదో ఒకటి ఉండాలి. రెండో వారంలో హైరింగ్ మేనేజర్‌తో పావుగంట మాట్లాడించండి, ఇంటర్వ్యూలా కాకుండా ఏ టీము, ఏ పని, మొదటి నెలలో ఏం చేయాలి అన్నట్టుగా. రిక్రూటర్ పది ఫోన్లు చేసినా రాని నమ్మకం మేనేజర్ ఒక్క ఫోన్‌తో వస్తుంది, మేనేజర్లు మాత్రం దీనికి బద్ధకిస్తారు, వెంటపడి చేయించాలి. నెల దాటాక డాక్యుమెంట్లు. రెండో నెల చివర టీమ్‌లో ఒకరితో పరిచయం. చివరి ఇరవై రోజులు వారానికి రెండుసార్లు, అవి కూడా ఫోన్లే, మెసేజ్‌లు కాదు. గొంతులో తెలిసేది టైపింగ్‌లో తెలియదు.

గుర్తులు కొన్ని ఉంటాయి. డాక్యుమెంట్లు "రేపు పంపుతా" అని మూడు రేపులు దాటడం, నౌక్రీలో ప్రొఫైల్ నిన్న అప్‌డేట్ అయినట్టు కనపడటం, ఉన్నట్టుండి డిజిగ్నేషన్ మార్చమనడం. అన్నిటికంటే గట్టి గుర్తు, చివరి వారంలో "ఒక్క వారం టైమ్ కావాలండి, ఊళ్లో పనుంది" అనడం. ఊళ్లో నిజంగానే పని ఉండొచ్చు. కానీ ఎక్కువసార్లు వేరే ఆఫర్ లెటర్ ఇంకా చేతికి రాలేదని అర్థం. నిలదీయకండి. "తీసుకోండి, ఫర్వాలేదు. వేరే ఏదైనా వస్తుందేమోనని చూస్తుంటే అదీ నాకు చెప్పండి, మేనేజర్‌కి నేను సర్దిచెప్పుకుంటా" అంటే సగంమంది నిజం చెప్పేస్తారు.

తేదీ పెట్టేటప్పుడు క్యాలెండర్‌తో పాటు పంచాంగమూ చూడండి. సోమవారం అమావాస్య అయితే "బుధవారం చేరొచ్చా అండి" అని అడుగుతారు, వాళ్ల అమ్మగారు అడగమని ఉంటారు. ఒప్పుకోండి, రెండు రోజులతో పోయేదేం లేదు. సంక్రాంతికి ముందు వారం ఎవరికీ జాయినింగ్ పెట్టకండి, బస్సు టికెట్లు నెలా రెండు నెలల ముందే తీసుకుని ఉంటారు. దసరా, బతుకమ్మ రోజులూ అంతే. పండగలకి ఇంకో పక్క కూడా ఉంది. ఊళ్లో బంధువులంతా కలిసినచోట బావగారో, పెదనాన్న కొడుకో "నీ ఎక్స్‌పీరియన్స్‌కి పన్నెండేనా, మా వాడికి పద్దెనిమిది ఇచ్చారు" అంటారు. పండగ నుంచి తిరిగొచ్చిన వారంలో తప్పకుండా ఫోన్ చేయాలి.

బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు చేస్తే ఒక కుటుంబం ఇబ్బంది పడుతుంది. చాలా కంపెనీలు మనిషి రిజైన్ చేసి, నోటీసు పూర్తి చేసి, చేరాక వెరిఫికేషన్ మొదలుపెడతాయి. రెండు నెలల తర్వాత ఏదో తేడా వచ్చి తీసేస్తే అతనికి పాత ఉద్యోగమూ లేదు, కొత్తదీ లేదు. ప్రస్తుత కంపెనీని తప్ప మిగతావన్నీ, చదువు, పాత ఉద్యోగాలు, చిరునామా, అతను రిజైన్ చేయకముందే చూసేయొచ్చు. చూడాలి.

మొదట అడగాల్సింది 12 అంకెల యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్ నంబరు), పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ పేజీ. ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో అందులో ఉంటుంది. పాస్‌వర్డ్, ఓటీపీ మాత్రం అడక్కండి, పేజీని అతనే డౌన్‌లోడ్ చేసి పంపాలి. రెజ్యూమేలో నాలుగేళ్లున్న కంపెనీ పేరు అక్కడ అసలు లేకపోతే 26ఏఎస్ (ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే స్టేట్‌మెంట్) అడగండి, జీతం మీద పన్ను పట్టుకుని ఉంటే కంపెనీ పేరు అందులో ఉంటుంది. రెండిట్లోనూ లేకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జీతం పడ్డ వరసలు. అక్కడా లేకపోతే ఎక్కువసార్లు అది కొనుక్కున్న ఎక్స్‌పీరియన్సే. పేస్లిప్ మీద కంపెనీ సిన్ నంబరు (కంపెనీ రిజిస్ట్రేషన్ గుర్తింపు) ఉంటే దాన్ని చదవడం నేర్చుకోండి. 21 అక్షరాల్లో రాష్ట్రం కోడ్ తర్వాత వచ్చే నాలుగు అంకెలు కంపెనీ పుట్టిన సంవత్సరం. 2016లో రిజిస్టరైన కంపెనీ 2014 పేస్లిప్ ఇవ్వలేదు.

కానీ తొందరపడి దొంగ ముద్ర వేయకండి. కొన్ని పెద్ద కంపెనీలు పీఎఫ్‌ని సొంత ట్రస్టులో నడుపుతాయి, అక్కడ పనిచేసినవాళ్ల జమలు ఈపీఎఫ్ఓ పాస్‌బుక్‌లో కనపడవు. పాత కంపెనీ మానేసిన తేదీ నమోదు చేయకపోతే రెండు ఉద్యోగాలు ఒకేసారి చేసినట్టు కనిపిస్తుంది. చివరి జమ పడ్డ రెండు నెలల తర్వాత ఆ తేదీని ఉద్యోగే పోర్టల్‌లో పెట్టుకోవచ్చు, ఆ సంగతి చెప్పి సరిచేయించండి. రిలీవింగ్ లెటర్ తేదీ, సర్వీస్ హిస్టరీ తేదీ నాలుగు రోజులు అటూ ఇటూ అయితే అది హెచ్‌ఆర్ పొరపాటు. నిజంగా గ్యాప్ ఉన్నవాళ్లు, తల్లిదండ్రుల అనారోగ్యం వల్లో, పిల్లల కోసమో, ఉద్యోగం పోయో ఆగినవాళ్లు, ఆ గ్యాప్ చెప్తే రెజ్యూమే పక్కన పెట్టేస్తారని భయపడే చాలామంది దాన్ని దొంగ కాగితంతో పూడుస్తారు. గ్యాప్ చూడగానే పక్కన పెట్టే అలవాటు మనం మానుకుంటే ఆ కాగితాల వ్యాపారం సగం పడిపోతుంది.

ప్రాక్సీ ఇంటర్వ్యూల (ఒకరి బదులు ఇంకొకరు జవాబులు చెప్పేవాటి) గురించి రెండు మాటలు. వీడియోలో పెదవులు ఒకటి, వినిపించేది ఒకటి అయితే నెట్‌వర్క్ అని వదిలేయకండి, ఇయర్‌ఫోన్లు తీసి మాట్లాడమనండి. ప్రతి జవాబుకీ ముందు ఒకే కొలతలో ఆగి, కళ్లు ఒకే వైపు వెళ్తుంటే చదువుతున్నాడని. థియరీ ప్రశ్నలకి ఇప్పుడు విలువ లేదు, తెర మీద జవాబులు రాసిచ్చే సాధనాలు అందరి దగ్గరా ఉన్నాయి. "మీరు లాస్ట్ రిలీజ్‌లో మార్చిన ఒక్క ఫైలు గురించి చెప్పండి, ఎందుకు మార్చారు, మార్చాక ఏం పగిలింది?" అని అడిగి, జవాబులోంచే ఇంకో ప్రశ్న లాగాలి. ప్రతి రౌండులో చెప్పి, ఒప్పుకున్నాకే స్క్రీన్‌షాట్ తీసుకుని, చేరిన రోజు పోల్చుకోవాలి.

ఇంతా చెప్పి కంపెనీ వైపు మాట్లాడకపోతే అన్యాయం. చివరి రౌండు అయిన పద్దెనిమిది రోజులకి ఆఫర్ ఇచ్చి, రెండు రోజుల్లో ఒప్పుకోవాలనడం ఏం న్యాయం? ఐదు రౌండ్లు చేసి ఏమైందో చెప్పకుండా వదిలేసిన క్యాండిడేట్, రేపు మన ఫోన్ ఎత్తకపోతే ఆశ్చర్యమేముంది? అన్నిటికంటే ఘోరం, మనిషి రిజైన్ చేశాక ఆఫర్ వెనక్కి తీసుకోవడం. బడ్జెట్ ఆగింది, క్లయింటు వెళ్లిపోయాడు, కారణం ఏదైనా కావచ్చు. అలాంటప్పుడు రిక్రూటర్ అదే రోజు ఫోన్ చేయాలి, మెయిల్ వెనక దాక్కోకూడదు. పాత కంపెనీలో రాజీనామా వెనక్కి తీసుకోవడానికి ఇంకా సమయం ఉంటే ప్రతి రోజూ లెక్కలోకి వస్తుంది. పరిహారంగా ఒకటి రెండు నెలల జీతం అడిగి ఇప్పించడానికి మన హెచ్‌ఆర్‌తో గట్టిగా మాట్లాడాలి, తెలిసిన రిక్రూటర్లందరికీ అతని ప్రొఫైల్ పంపాలి. ఇది దయ కాదు, మనం చెప్తే నమ్మి రిజైన్ చేశాడు.

బయటి కన్సల్టెన్సీల ఒత్తిడి వేరే రకం. వాళ్లకి ఫీజు సాధారణంగా ఏడాది సీటీసీలో 8.33 శాతం, అంటే ఒక నెల సీటీసీ, పైన 18 శాతం జీఎస్టీ. అది మనిషి చేరిన 45 రోజులకో 60 రోజులకో వస్తుంది, 90 రోజుల్లోపు మానేస్తే ఇంకొకర్ని ఉచితంగా ఇవ్వాలి. ఈ రోజు ఆఫర్ అయిన మనిషి మీద డబ్బు ఐదు నెలలకి కనిపిస్తుంది. అందుకే కొందరు క్యాండిడేట్‌కి షిఫ్టు సంగతి, ఆఫీసు రోజుల సంగతి దాచి పంపుతారు. కన్సల్టెన్సీ పంపిన ప్రొఫైల్ అయినా మొదటి కాల్‌లో అడగాల్సినవన్నీ మళ్లీ మీరే అడగండి.

బ్యాకప్‌గా ఉంచుకునే రెండో మనిషికి అబద్ధం చెప్పకండి. "మీరు రెండో స్థానంలో ఉన్నారు, 14వ తేదీకల్లా ఏ సంగతీ చెప్తాను, ఈలోగా వేరేది వస్తే తీసుకోండి" అని చెప్పి, 14న నిజంగా ఫోన్ చేయాలి. అలా చేసినవాళ్లు మూడు నెలల తర్వాత ఇంకో పొజిషన్‌కి పిలిచినా వస్తారు.

జాయినింగ్ ముందు శుక్రవారం ల్యాప్‌టాప్ వచ్చిందో లేదో, ఐడీ టికెట్ క్లోజ్ అయిందో, మేనేజర్ సోమవారం ఆఫీసులో ఉంటాడో మీరే స్వయంగా చూడండి. ఏ గేటు, ఎవర్ని అడగాలి, ఏ ఒరిజినల్స్ తేవాలి అన్న మెసేజ్ పెట్టండి. మొదటి రోజంతా రిసెప్షన్‌లో కూర్చోబెట్టిన మనిషికి పాత ఆఫర్ ఇచ్చినవాళ్లు సాయంత్రమే మళ్లీ ఫోన్ చేస్తే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. చేరిన రెండు వారాల్లో వెళ్లిపోయేవాళ్లు అలాంటివాళ్లే ఎక్కువ.

ఎవరైనా రాకపోతే పదకొండుకి ఒక ఫోన్, ఒక మెసేజ్, ఒక మెయిల్. ఇంట్లోవాళ్ల నంబర్లకి చేసి బెదిరించొద్దు, లీగల్ నోటీసు మాటలొద్దు. మధ్యాహ్నం రెండుకల్లా బ్యాకప్ మనిషితో మాట్లాడండి. వారం పోయాక, కోపం చల్లారాక, రాని మనిషికి ఒక్కసారి ఫోన్ చేయండి. చాలామంది అప్పటికి ఎత్తుతారు, తప్పు చేశామన్న భావన వాళ్లకీ ఉంటుంది. ఎక్కడ చేరారని, ఎంతకి చేరారని అడక్కండి. ఏ రోజున మనసు మారిందో అడగండి. "ఆ మీ మేనేజర్ కాల్ మూడుసార్లు పోస్ట్‌పోన్ అయింది కదండీ, అప్పుడే" అంటారు ఒకరు. "జీతం షీటు అడిగితే ఆఫర్ లెటర్‌లోనే ఉందన్నారు కదా, ఆ రోజు" అంటారు ఇంకొకరు. ఆ తేదీకి షీట్‌లో ఒక గడి పెట్టుకోండి, డ్రాప్ అయిన తేదీ గడికి పక్కనే.